దోమ అనుకున్నారు... దగ్గు వినలేదు!

మెదడువాపు అనగానే మనకు గుర్తొచ్చేవి రెండే- దోమ, పంది. 1998 సెప్టెంబరులో మలేషియాలోని ఇపో పట్టణం దగ్గర పందుల షెడ్లలో పనిచేసేవాళ్లకు జ్వరం, తలనొప్పి వచ్చి, కొందరు కోమాలోకి జారిపోతుంటే అక్కడి అధికారులూ అలాగే అనుకున్నారు. ఊరంతా ఫాగింగ్ చేయించారు. టీకాలు వేయించారు. పందుల అమ్మకాలు మాత్రం ఆగలేదు. వాటితోపాటే జబ్బూ దక్షిణాదికి లారీ ఎక్కింది.

నిజానికి అనుమానించాల్సినవి చాలానే ఉన్నాయి. జపనీస్ మెదడువాపు ఎక్కువగా పిల్లలకు వస్తుంది. ఇక్కడ మంచాన పడుతున్నది షెడ్లలో పనిచేసే పెద్దవాళ్లు. టీకా వేయించుకున్నవాళ్లకీ వచ్చింది. పైగా ఆ జబ్బున్న పంది మామూలుగా బాగానే తిరుగుతుంది. ఇవేమో కుక్క మొరిగినట్టు దగ్గాయి. మైలు దూరం వినపడేదట! ఆ దగ్గు ముందు విన్నది వాటికి మేత వేసినవాళ్లే కదా... వాళ్లను అడిగి ఉంటే?

1999 మార్చిలో మలయా విశ్వవిద్యాలయానికి చెందిన చువా కా బింగ్, సుంగై నిపా అనే ఊరి రోగి నుంచి కొత్త వైరస్‌ను వేరుచేశారు. దానికి ఆ ఊరి పేరే పెట్టారు. 2018లో కేరళ వార్తల్లో మనం విన్న 'నిపా' అదే. షెడ్ల పక్కనే మామిడిచెట్లు, వాటిమీద గబ్బిలాలు. అవి కొరికి పడేసిన పండ్లను పందులు తిన్నాయి. జబ్బు పందికి సూదిమందు వేసినవాళ్లకి, ఈనేటప్పుడు సాయం పట్టినవాళ్లకి, చచ్చినవాటిని ఎత్తినవాళ్లకి అంటుకుంది. మలేషియాలో సుమారు 265 మందికి సోకితే 105 మంది చనిపోయారు. సింగపూర్‌లో 11 మంది కబేళా కార్మికులకు వస్తే ఒకరు పోయారు. పది లక్షలకు పైగా పందులను చంపేశారు. కోలుకున్నవాళ్లలో కొందరికి నెలలు, ఏళ్లు గడిచాక మెదడువాపు మళ్లీ తిరగబెట్టింది.

తరవాత అక్కడ షెడ్ల దగ్గర పండ్లచెట్లు ఉండకూడదన్నారు. మన దగ్గర నీడ కోసం మామిడికిందే షెడ్డు వేసేవాళ్లు ఉంటారు, కాస్త చూసుకోవాలి. దగ్గే పందిని విడిగా కట్టేసి పశువైద్యుడికి చెప్పాలి. దాని దగ్గరికి వెళ్లేటప్పుడు చేతులకు తొడుగులు, ముక్కుకు మాస్కు ఉండాలి. బూట్లు షెడ్డు దగ్గరే విడవాలి, ఇంట్లోకి తేకూడదు. జ్వరమొచ్చి ఆస్పత్రికెళ్తే 'పందుల దగ్గర పనిచేస్తాను' అని డాక్టరుకు ముందే చెప్పాలి. మనవాళ్లు చెప్పడానికి మొహమాటపడేదీ ఈ మాటే.