నీలం మాత్ర విషం కాదు, అందులో ఉన్నది మన చెల్లెళ్ళకి సరిపోవట్లేదు!

కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి. ముఖ్యంగా హాస్టళ్ళలో ఉన్న చెల్లెళ్ళు.

మన గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. హాస్టల్లో ఇచ్చే నీలం మాత్రలో ఉన్నది కృత్రిమ ఫోలిక్ యాసిడ్ అంట, అది రక్తంలో పేరుకుపోయి మెదడుని చెడగొడుతుందంట, అసలైన ఫోలేట్ కావాలంటే మిథైల్ ఫోలేట్ డబ్బా కొనుక్కోవాలంట. అది చదివి మాత్రలు పారేస్తున్న చెల్లెళ్ళని తిట్టే హక్కు మాకు లేదు, మేమూ పారేసినవాళ్ళమే. సోమవారం అన్నం తిన్నాక వరసలో నిలబెట్టి చేతిలో మాత్ర పెట్టేవాళ్ళు. ఎందుకో ఒక్కరూ చెప్పలేదు. కడుపులో తిప్పేది, విరేచనం నల్లగా వచ్చేది, భయమేసేది. అది ఐరన్ వల్ల, ప్రమాదం కాదు అని ఒక్క ముక్క చెప్పి ఉంటే మింగేవాళ్ళం. రిజిస్టర్లో టిక్కు పడేది, మాత్ర తుప్పల్లోకి పోయేది.

ఇప్పుడు ఆ ముక్క మేం చెప్తాం.

ఫోలేట్ అంటే బి9 విటమిన్. ఆకుకూరల్లో, కందుల్లో, అలసందల్లో, మన ఏజెన్సీలో పండే రాజ్మాలో, మేక కాలేయంలో ఉంటుంది. తిండిలో అది గొలుసులాగా ఉంటుంది. పేగు ఆ గొలుసుని తెంపితే గానీ ఒంటికి పట్టదు. పైగా వేడికి పాడవుతుంది, నీళ్ళలో కరిగిపోతుంది. ఆకుకూర ఉడకబెట్టి ఆ నీళ్ళు పారబోసే హాస్టల్ వంటలో ఏం మిగులుతుందో మీరే చూసుకోండి. మాత్రలో ఉండే ఫోలిక్ యాసిడ్ విడిగా ఉంటుంది, తొందరగా పాడవదు, తిండిలోదానికంటే బాగా ఒంటికి పడుతుంది. దాన్ని లేబరేటరీలో తయారుచేసే దారి 1945లో దొరికింది. ఆ బృందాన్ని నడిపించింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అంతకుముందు 1930 ప్రాంతంలో లూసీ విల్స్ అనే డాక్టరు బొంబాయి మిల్లుల్లో పనిచేసే పేద గర్భిణుల రక్తహీనతకి మందు వెతుకుతూ దీని జాడ పట్టింది. పేద ఆడవాళ్ళ కోసం వెతికిన మందు ఇది. దాన్నే ఇవాళ పేద ఆడపిల్లలకి విషమని చెప్తున్నారు.

గొలుసుగా వచ్చినా మాత్రగా వచ్చినా ఒంట్లో చివరికి ఎక్కువగా మిథైల్ ఫోలేట్‌గానే మారుతుంది. రక్తంలో తిరిగేది, మెదడులోకి వెళ్ళేది ముఖ్యంగా ఆ రూపమే. అంటే వాళ్ళు డబ్బాలో పెట్టి అమ్మేదాన్ని మన ఒళ్ళే తయారుచేసుకుంటోంది.

మెసేజ్‌లో ఒక నిజం ముక్క ఉంది, దాన్ని దాచం. ఫోలిక్ యాసిడ్‌ని మార్చే పని కాలేయంలో నెమ్మదిగా జరుగుతుంది. ఒకేసారి ఎక్కువ వేసుకుంటే మారని ఫోలిక్ యాసిడ్ కొంత రక్తంలో కనిపిస్తుంది. కానీ దానివల్ల మెదడు చెడినట్టు రుజువు కాలేదు. ఎంటీహెచ్ఎఫ్ఆర్ అనే జన్యువులో తేడా ఉన్నవాళ్ళకి ఫోలిక్ యాసిడ్ పనికిరాదన్నదీ అబద్ధమే, వాళ్ళ ఒళ్ళూ దాన్ని వాడుకుంటుంది. ఇంకో సంగతి. బిడ్డకి వెన్నుపాము, మెదడు లోపాలు రాకుండా ఆపుతుందని పెద్ద పరీక్షల్లో రుజువైంది ఫోలిక్ యాసిడ్‌కే. 1991లో బ్రిటన్ వైద్య పరిశోధన మండలి పరీక్షలో, ముందు అలాంటి బిడ్డ పుట్టిన తల్లుల్లో మళ్ళీ రావడం 72 శాతం తగ్గింది. మిథైల్ ఫోలేట్ డబ్బాకి అలాంటి పరీక్ష లేదు.

అసలు మనం గొడవ చేయాల్సింది ఇక్కడ. నీలం మాత్రలో ఫోలిక్ యాసిడ్ 500 మైక్రోగ్రాములు, అదీ వారానికి ఒక్కటి. రోజుకి లెక్కేస్తే 71. ఇది పేరుకుపోతుందా? వారానికోసారి ఇచ్చే మాత్రలో ఆడపిల్లలకి 2,800 మైక్రోగ్రాములు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లోనే చెప్పింది. మనకిచ్చేది అందులో ఐదో వంతు కూడా కాదు. బిడ్డ మెదడు, వెన్నుపాము తయారయ్యే గొట్టం గర్భం వచ్చిన 28 రోజుల్లోపే మూసుకుపోతుంది. అప్పటికి చాలామందికి నెల తప్పిన సంగతే తెలీదు. ఇంటర్ అవ్వకుండానే పెళ్ళిళ్ళు చేస్తున్న మన ఊళ్ళల్లో, ఆశా అక్క పేరు రాసుకుని ఎర్ర మాత్ర ఇచ్చేసరికి ఆ గడువు దాటిపోతోంది. గర్భం అనుకునేవాళ్ళకి ముందునుంచే రోజుకి 400 మైక్రోగ్రాములు ఇవ్వాలని కాగితం మీద ఉంది. మీ ఊళ్ళో ఎవరికైనా ఇచ్చారా?

సికిల్ సెల్ ఉన్న మనవాళ్ళ సంగతి వేరు. ఎర్ర రక్తకణం 120 రోజులు బతకాలి, వాళ్ళకి 10, 20 రోజుల్లోనే పోతుంది. కొత్తవి చేసుకుంటూనే ఉండాలి కాబట్టి ఫోలేట్ ఎక్కువ కావాలి, అందుకే డాక్టర్లు ఫోలిక్ యాసిడ్ 5 మిల్లీగ్రాముల మాత్ర విడిగా రాస్తారు. కానీ నీలం మాత్రలో ఐరన్ కూడా 60 మిల్లీగ్రాములుంది. మాటిమాటికీ రక్తం ఎక్కించుకునేవాళ్ళ ఒంట్లో ఐరన్ అప్పటికే పేరుకుని ఉంటుంది. వాళ్ళకి ఇవ్వాలా వద్దా తేల్చాల్సింది డాక్టర్, వార్డెన్ కాదు. 2023 జూలైలో సికిల్ సెల్ మిషన్ మొదలుపెట్టి కార్డులు పంచుతున్నారు. ఆ కార్డునీ మాత్రల రిజిస్టర్నీ పక్కపక్కన పెట్టి చూసినవాళ్ళు ఎవరున్నారు?

బి12 గురించి కూడా ఒక మాట. ఫోలేట్ ఒంట్లో పనిచేయాలంటే బి12 తోడుండాలి. అది గుడ్డు, మాంసం, చేప, పాలల్లోనే ఉంటుంది. బి12 తక్కువున్నవాళ్ళకి ఫోలిక్ యాసిడ్ పెద్ద మోతాదులో ఇస్తే రక్తం బాగుపడినట్టు కనిపిస్తుంది గానీ నరాలు లోపల దెబ్బతింటూనే ఉంటాయి. మెనూలో ఉన్న గుడ్డు ప్లేట్లోకి రాకపోవడం అందుకే చిన్న సంగతి కాదు.

ఐటీడీఏ పీఓ గారికి ఇవ్వాల్సిన వినతిపత్రం మేం రాస్తున్నాం. మాత్ర ఇచ్చే ముందు ఏఎన్ఎం వచ్చి ఎందుకో చెప్పాలి, సికిల్ కార్డు చూడాలి. పెళ్ళి కుదిరిన ఆడపిల్లలకి 400 మైక్రోగ్రాముల మాత్ర సబ్‌సెంటర్లోనే దొరకాలి. మెనూలో ఉన్న గుడ్లు లెక్క ప్రకారం పెట్టాలి. మీ హాస్టల్లో మాత్ర ఏ రోజు, తిన్నాక ఇస్తున్నారా ముందు ఇస్తున్నారా, గుడ్డు వారానికి ఎన్నిసార్లు వస్తోంది, రాసి పంపండి. పిల్లల పేర్లు మాత్రం రాయొద్దు.