ముట్టుకోని గిటార్ మీద మోజు

సెకండ్ హ్యాండ్ ఎలక్ట్రిక్ గిటార్ అమ్మేవారు మొట్టమొదట చెప్పే మాట, "ఏదీ మార్చలేదండీ, అంతా కంపెనీదే" అని. కొనేవారు మొట్టమొదట అడిగేదీ అదే. తీగల కంపనాన్ని పట్టే పికప్ మార్చి ఉంటే ధర తగ్గుతుంది. ట్యూనర్లు కూడా మార్చి ఉంటే ఇంకొంచెం తగ్గుతుంది. నెక్ మార్చారని తెలిస్తే బేరమే ఆగిపోతుంది. నెక్ మీది లోహపు మెట్లు, అంటే ఫ్రెట్లు, కొత్తవి వేయించామంటే, ఆ పని ఎంత శుభ్రంగా చేసినా సరే, యాక్సిడెంటైన కారును చూసినట్టు పెదవి విరుస్తారు. ఈ ధోరణి ఎక్కడిదాకా వచ్చిందంటే, రేపు అమ్మితే ధర రాదేమోనన్న భయంతో, అరిగిన ఫ్రెట్ల మీద తీగ జీరపోతున్నా బాగు చేయించకుండా సర్దుకుపోయేవారు తయారయ్యారు. రిపేరు చేసేవారిలోనూ కొందరిది ఇదే వరస. ఇదివరకే మార్పులు చేయించిన గిటార్ బల్ల మీదికి రాగానే, "దీన్ని ఎవరో కెలికారు, దీని మీద డబ్బు పెట్టడం దండగ, కొత్తది తీసుకోండి" అనేస్తారు.

ఈ అభిప్రాయం తప్పు. ఎలక్ట్రిక్ గిటార్ రూపుదిద్దుకున్నదే విప్పి బాగు చేసుకోవడానికి వీలుగా. దాన్ని విప్పకుండా ఉంచడమే గొప్ప అనుకోవడమంటే, దాన్ని తయారు చేసినవారి ఆలోచనకే అడ్డం తిరగడం.

కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో 1938లో లియో ఫెండర్ పెట్టుకున్నది రేడియో రిపేరు షాపు. ఆయనకు గిటార్ వాయించడం రాదు. కానీ చెడిన వస్తువు బల్ల మీదికి వస్తే దాన్ని విప్పడానికి ఎంతసేపు పడుతుందో, ఏ భాగం దేనికి అడ్డొస్తుందో బాగా తెలుసు. అప్పట్లో గిటార్ నెక్‌ను ఎక్కువగా బాడీలోకి దిగేసి జిగురుతో అతికించేవారు. అది వంగినా విరిగినా వాయిద్యం రోజుల తరబడి మేస్త్రీ దగ్గర ఉండిపోవాల్సిందే. ఫెండర్ కంపెనీ 1950లో తెచ్చి, మరుసటి ఏడాది టెలికాస్టర్ అని పేరు పెట్టిన గిటార్‌లో నెక్‌ను నాలుగు స్క్రూలతో బిగించారు. అరిగిపోతే తీసేసి ఇంకోటి బిగించుకోవచ్చు. 1954లో వచ్చిన స్ట్రాటోకాస్టర్‌లో పికప్‌లు, పాట్‌లు (నాబ్‌ల కింది నియంత్రణలు), స్విచ్ అన్నీ ఒకే ప్లాస్టిక్ పలకకు అమర్చి ఉంటాయి. తీగలు వదులు చేసి, స్క్రూలు తీసి, పలక ఎత్తితే వైరింగ్ దాదాపు మొత్తం చేతిలోకి వచ్చేస్తుంది. రేపు ఎవరో ఒకరు దీన్ని విప్పుతారని ముందే తెలిసినవాళ్లు చేసిన పని అది.

వాయించేవాళ్లు విప్పడంతో ఆగలేదు, మార్చారు కూడా. స్ట్రాటోకాస్టర్ స్విచ్‌కు మొదట మూడే స్థానాలు. ఆ స్విచ్‌ను రెండు స్థానాల మధ్య జాగ్రత్తగా నిలబెడితే రెండు పికప్‌లు కలిసి మోగుతాయని, ఆ నాదం సన్నగా, గలగలమంటూ వేరే రుచిగా ఉంటుందని వాయించేవాళ్లే కనిపెట్టారు. కొందరు అగ్గిపుల్ల ముక్కలు ఇరికించి నిలబెట్టేవారు, కొందరు ఏకంగా స్విచ్‌నే మార్చేశారు. కంపెనీ ఐదు స్థానాల స్విచ్‌ను తానే బిగించి ఇవ్వడం 1977లో మొదలైంది. అంటే ఇవాళ "అంతా కంపెనీదే" అని మురిసిపోయే స్ట్రాటోకాస్టర్ లోపలి స్విచ్ ఒకప్పుడు ఎవరో కెలికిన ఫలితమే. 1972లో లారీ డిమార్జియో సూపర్ డిస్టార్షన్ పేరుతో విడిగా అమ్మకానికి పికప్ తెచ్చాక, గిటార్‌ను కొన్నాక అందులోని పికప్ మార్చుకోవడం మామూలు విషయమైపోయింది.

రాక్ గిటారిస్టు డేవిడ్ గిల్మోర్ నల్ల స్ట్రాటోకాస్టర్ చరిత్ర చూస్తే ఈ సంగతి ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. 1970లో న్యూయార్క్‌లోని మానీస్ దుకాణంలో కొన్నప్పుడే, దాని అసలు సన్‌బర్స్ట్ రంగు మీద నల్లరంగు వేసి ఉంది. ఆ తర్వాత దాని నెక్ పలుసార్లు మారింది. 1973లో రెండు పికప్‌ల మధ్య ఒక హంబకర్ (రెండు చుట్ల పికప్) వచ్చి చేరింది, కొన్నాళ్లకు పోయింది. తెల్ల పలక పోయి నల్ల పలక వచ్చింది. 1979లో బ్రిడ్జి దగ్గర సేమూర్ డంకన్ పికప్ బిగించారు. బాడీకి అదనపు సాకెట్ కోసం రంధ్రం చేశారు, తర్వాత పూడ్చారు. 1983లో కాలర్ ట్రెమోలో (స్వరాన్ని ఊపే బ్రిడ్జి) పెట్టడానికి ఏకంగా చెక్కనే తొలిచారు, మళ్లీ చెక్కముక్క అతికించి పాత ట్రెమోలోకే వచ్చారు. చేసి చూడటం, నచ్చకపోతే వెనక్కి తీసుకోవడం, నచ్చితే ఉంచుకోవడం. "కంఫర్టబ్లీ నమ్" సోలో ఈ గిటార్‌దే. 2019 జూన్‌లో క్రిస్టీస్ వేలంలో అది 39.75 లక్షల డాలర్లు పలికింది. అప్పటికి వేలంలో ఏ గిటార్‌కూ అంత ధర రాలేదు.

"అది గిల్మోర్ వాయించాడు కాబట్టి" అంటారు వెంటనే. నిజమే, ఆ ధర పేరుకే వచ్చింది. కానీ పేరు కంటే ముందు నాదం ఉంది, ఆ నాదం కోసమే మార్పులు జరిగాయి. రాక్ గిటారిస్టు ఎడ్డీ వాన్ హేలెన్ సంగతీ అంతే. ఆయనకు కావాల్సింది గిబ్సన్ నాదం, స్ట్రాటోకాస్టర్ ట్రెమోలో. రెండూ కలిసిన గిటార్ బజారులో దొరకలేదు. యాభై డాలర్లకు లోపమున్న ఒక బాడీ, ఎనభై డాలర్లకు ఒక నెక్ కొన్నాడు. పాత గిబ్సన్ 335 నుంచి తీసిన హంబకర్‌ను కరిగించిన మైనంలో ముంచి, బాడీని తొలిచి అందులో కూర్చాడు. 1978 నాటి తొలి ఆల్బమ్‌లో వినిపించేది అదే. అప్పటికి ఆయన ప్రపంచానికి తెలియని కుర్రవాడు. కంపెనీ ఇచ్చింది ఇచ్చినట్టే ఉంచాలనుకుని ఉంటే ఆ రికార్డు అలా వచ్చేది కాదు. ఆ గిటార్ 2019లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం ప్రదర్శనలో నిలబడింది.

ఇక్కడ మార్కెట్ ద్వంద్వనీతిని చెప్పుకోకుండా ఉండలేం. వాన్ హేలెన్ గిటార్‌కు 2007లో 300 నకళ్లు చేసి, ఒక్కోటీ 25 వేల డాలర్ల ధరకు పెట్టారు. గీతలు, కాలిన మచ్చలు, మోగకుండా ఊరికే బిగించి ఉన్న పాత పికప్ అన్నీ అచ్చంగా దింపారు. గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్ 1970లో నాష్‌విల్‌లో కొన్న స్ట్రాటోకాస్టర్లలో మూడింటి భాగాలు ఏరి కూర్చుకున్న "బ్లాకీ" 2004లో 9,59,500 డాలర్లకు అమ్ముడైంది, 2006లో దానికీ నకళ్లు వచ్చాయి. మూడు గిటార్ల ముక్కలు కలిపిన దాని నకలుకు వేల డాలర్లు పెట్టే బజారే, పొరుగింటి కుర్రాడు రెండు గిటార్ల నుంచి ఒకటి చేసుకుంటే పాడు చేశాడంటుంది. ఇందులో వాయిద్యం మీద గౌరవం కనిపించదు.

ధరల సంగతి అలా ఉంచి, బల్ల దగ్గరికి వద్దాం. వాడుతున్న గిటార్ ఫ్రెట్‌ను వెలుతురుకు ఎదురుగా పెట్టి చూస్తే, మొదటి రెండు మూడు ఫ్రెట్ల మీద, సన్న తీగల కింద, గోటితో నొక్కినట్టు చిన్న చిన్న గుంటలు కనిపిస్తాయి. ఫ్రెట్ సాధారణంగా రాగి, నికెల్, జింక్ కలిసిన మిశ్రలోహం, తీగ ఉక్కు. రోజూ నొక్కి లాగుతుంటే మెత్తని లోహమే అరుగుతుంది. అక్కడ నొక్కిన తీగ కిందికి దిగి, తర్వాతి ఫ్రెట్‌ను తాకి జీరపోతుంది. టెక్నీషియన్ తీగలు తీసి, నెక్ లోపలి ట్రస్ రాడ్‌తో నెక్‌ను తిన్నగా చేసి, చెక్క మీద మాస్కింగ్ టేపు వేసి, ప్రతి ఫ్రెట్ నెత్తిమీదా మార్కర్‌తో గీస్తాడు. గరుకు కాగితం అంటించిన తిన్నని కడ్డీని వాటి మీద నడిపిస్తాడు. సిరా ఇంకా మిగిలిన చోటు పల్లం. అంతటా సిరా పోయిందంటే అన్నీ ఒకే ఎత్తుకు వచ్చాయన్నమాట. అప్పుడు చదునైన నెత్తిని ప్రత్యేకమైన ఆకురాయితో మళ్లీ గుండ్రంగా చేసి, సన్నని ఉక్కుపీచుతో మెరుగు పెడతాడు. అంతకుముందే పికప్‌ల మీద టేపు వేయాలి, లేకపోతే ఉక్కు రజను అయస్కాంతాలకు అంటుకుని వదలదు.

ఈ పనికి హద్దుంది. కొత్త ఫ్రెట్ ఎత్తే ఒక మిల్లీమీటరు, కాస్త అటూ ఇటూ. ప్రతిసారీ అందులోంచి కొంత పోతుంది. చివరికి ఫ్రెట్‌ను సోల్డరింగ్ ఐరన్‌తో వేడి చేసి, చెక్క పెచ్చులూడకుండా అంచు నుంచి మెల్లగా లాగి, కొత్తది దిగ్గొట్టాల్సిందే. బాగా వాయించిన ఏ గిటార్‌కైనా ఈ రోజు వస్తుంది. అసలు ఫ్రెట్లు ఉండాలి, గిటార్ పలకాలి అని రెండూ ఎల్లకాలం కోరుకోవడం కుదరదు.

మార్పులు చేసిన గిటార్‌ను బాగు చేయడం దండగ అనేవారు, చాలాసార్లు దాని జబ్బేమిటో చూడకుండానే ఆ మాటంటారు. సింగిల్ కాయిల్ పికప్‌కు మామూలుగా 250 కిలోఓమ్‌ల పాట్ వాడతారు, హంబకర్‌కు 500. ఎవరో హంబకర్ బిగించి పాత పాట్‌లే వదిలేస్తే నాదం దుప్పటి కప్పినట్టు మూగబోతుంది. యజమాని పికప్‌ను తిట్టుకుంటాడు, కొన్ని వందల రూపాయల పాట్ మారిస్తే సరిపోతుంది. రెండు కంపెనీల పికప్‌లు కలిపి వాడినప్పుడు ఒక్కోటీ బాగానే మోగి, రెండూ కలిపితే పలచబడితే, అవి ఒకదానికొకటి ఎదురు తిరిగాయని అర్థం. ఒకదాని రెండు వైర్లు అటుదిటు మార్చి సోల్డర్ చేస్తే సర్దుకుంటుంది. బ్లూస్ గిటారిస్టు పీటర్ గ్రీన్ 1959 గిబ్సన్ లెస్ పాల్ గిటార్‌లో ఇదే జరిగింది. నెక్ పికప్ అయస్కాంతం తిరగబడి ఉండటం వల్ల రెండు పికప్‌లూ కలిపినప్పుడు ముక్కుతో పాడినట్టుండే గొంతు వచ్చింది. దాన్ని ఎవరూ సరిచేయలేదు, చేయనివ్వలేదు. ఆ గిటార్ గ్యారీ మూర్ చేతుల మీదుగా మెటాలికా బృందపు కర్క్ హామెట్ దగ్గరికి చేరింది, ఆయన దాన్ని అద్దాల పెట్టెలో పెట్టకుండా వేదికల మీద వాయిస్తున్నాడు.

ముట్టుకోకపోతే పదిలంగా ఉంటుందన్న నమ్మకం కూడా నిలవదు. విశాఖ తీరపు ఉప్పుగాలిలో వాడకుండా పెట్టిన గిటార్‌కు స్క్రూలు తుప్పుపడతాయి, పాట్‌లు బరబరలాడతాయి. హైదరాబాద్ వేసవిలో చెక్క ఎండి ముడుచుకుంటే ఫ్రెట్ల కొసలు బయటికి పొడుచుకొచ్చి చేతికి గీసుకుంటాయి. పాత ఆర్చ్‌టాప్ గిటార్ల సెల్యులాయిడ్ పలకలు కాలక్రమంలో విడుదల చేసే వాయువులతో దగ్గరున్న లోహభాగాలు చెడిపోతాయి. ఆ గిటార్‌ను కాపాడాలంటే అసలు పలకనే తీసేయాలి.

తెలుగువారికి ఈ సంగతి ఒకరు కొత్తగా చెప్పనక్కర్లేదు. వీణకు 24 మెట్లు. తేనెమైనంలో బొగ్గుపొడి కలిపి, ఆ మైనం మీద ఇత్తడి మెట్లు కూరుస్తారు. మైనం చెడుతుంది, మెట్లు అరుగుతాయి, స్వరం తొలగుతుంది. అప్పుడు అన్నీ ఊడదీసి, కొత్త మైనం వేసి, చెవితో వింటూ ఒక్కో మెట్టునూ దాని స్వరస్థానంలో నిలబెడతారు. బొబ్బిలి వీణకు ఇలా మెట్లు వేయించినంత మాత్రాన ఆ వీణ విలువ తగ్గిందని ఏ వైణికుడూ అనడు. వేయించకపోతేనే తప్పుపడతారు. వీణ విషయంలో ఇంత స్పష్టంగా ఉన్న బుద్ధి గిటార్ దగ్గరికి వచ్చేసరికి ఎందుకు మందగించాలి?

మార్పు విషయంలోనూ ఉదాహరణ మన దగ్గరే ఉంది. 1969లో పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండలిన్ మీద కర్ణాటక సంగీతం వాయించాడు. మాండలిన్‌కు నాలుగు జంట తీగలు. ఆ జంటల మీద గమకం పలకడం కష్టం, స్వరం ఎక్కువసేపు నిలవదు. ఆయన ఒంటి తీగలు పెట్టుకున్నాడు, కింది స్థాయికి ఐదో తీగ చేర్చుకున్నాడు. ఈ వాయిద్యం మన సంగీతానికి పనికిరాదన్నవారికి ఆ ఐదు తీగలే జవాబిచ్చాయి. మాండలిన్‌ను దాని అసలు రూపంలో భద్రంగా ఉంచాలనుకుని ఉంటే "మాండలిన్ శ్రీనివాస్" ఉండేవాడు కాడు.

అయితే మార్పులన్నీ మంచివని ఎవరూ అనరు. 1958-60 నాటి, ఏ మార్పూ జరగని సన్‌బర్స్ట్ లెస్ పాల్ దొరికితే దానికి ఉలి పెట్టడం దుర్మార్గం. అలాంటివి చారిత్రక ఆధారాలు, వాటిని వేరుగా చూడాలి. సోల్డరింగ్ రాని చేతుల్లో పాట్‌లు మాడిపోవడం, తొందరలో తొలిచిన గుంతతో బ్రిడ్జి వంకరపోవడం కూడా నిజమే. కానీ ఇవి పనితనం లేని పని మీద ఫిర్యాదులు, మార్పు మీద కావు. వాటికి మందు జాగ్రత్త: తీసిన భాగాన్ని పారేయకుండా పొట్లం కట్టి ఉంచడం, వైరింగ్ బొమ్మ గీసి పెట్టడం, చెక్క జోలికి వెళ్లేముందు స్క్రూలతో అయ్యే దారి ఉందేమో చూడటం. మన ఇళ్లలో ఉన్నవి ఎక్కువగా ఇండోనేషియా, చైనా కర్మాగారాల నుంచి వేల సంఖ్యలో వచ్చే మామూలు గిటార్లు. వాటికి మ్యూజియం నియమాలు తగిలించి, వాయించుకునేవాడిని భయపెట్టడం న్యాయం కాదు.

ఇంకో లెక్క కూడా ఉంది. నెక్ మీద ఫ్రెట్లు దిగే ఫింగర్‌బోర్డుకు వాడే రోజ్‌వుడ్‌లో మన జిట్రేగి ఒక రకం. 2017 జనవరిలో రోజ్‌వుడ్ జాతి చెట్లన్నిటినీ అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ కిందికి తెచ్చారు. తయారైన వాయిద్యాలకు 2019 చివర్లో మినహాయింపు వచ్చింది గానీ, చెట్లకు ముప్పు తొలగిపోలేదు. ఆ చెక్క ఫింగర్‌బోర్డు ఉన్న నెక్‌ను ఫ్రెట్లు అరిగాయని మూలన పడేయమని చెప్పడం, గంటల్లో అయ్యే పని కోసం దశాబ్దాలు పెరిగిన చెక్కను పారేయమనడమే.

కొనేవారు అడగాల్సిన ప్రశ్నలు వేరే ఉన్నాయి. ఫ్రెట్ల ఎత్తు ఇంకా ఎంత మిగిలింది? ఆరో తీగను మొదటి ఫ్రెట్ దగ్గరా, నెక్ బాడీని కలిసే చోటా నొక్కి పట్టుకుంటే మధ్యలో ఎంత సందు కనిపిస్తోంది? పన్నెండో ఫ్రెట్ దగ్గర నొక్కిన స్వరం, అక్కడి హార్మోనిక్ ఒకటిగా ఉన్నాయా? పికప్ మార్చి ఉంటే పాట్‌లు ఎన్ని కిలోఓమ్‌లవి, తీసిన పాత పికప్ ఇస్తారా? అన్నిటికంటే ముందు, ట్రస్ రాడ్ నట్టు ఇంకా తిరుగుతోందా?