ఆ వకీలు రాకపోతే?

కరణ్‌కోటల గోడకు తెల్లగుడ్డ కట్టి 'జై భీమ్' సినిమా వేసుకున్న రాత్రి అందరం చప్పట్లు కొట్టినం. కోర్టుల వకీలు గెలిచినప్పుడు పిల్లలు ఈలలేసిన్రు. సామాన్లు సర్దుకుంటుంటే ఒక అవ్వ అడిగింది: "బిడ్డా, ఆ వకీలు రాకపోతే ఆ పిల్ల గతేంది?" ఎవ్వరి నోటా మాట రాలేదు.

2021లో వచ్చిన ఆ సినిమాను తక్కువ చేసి మాట్లాడటం లేదు. 1993లో తమిళనాడుల నిజంగా జరిగిన లాకప్ చావును అది కోట్లమందికి చూపింది. కానీ చనిపోయినాయన కురవర్ కులస్తుడు. సినిమాల ఇరులర్ అని మార్చిన్రు. కథంతా వకీలు చుట్టు తిప్పిన్రు. తెర మీద మనోళ్లు దెబ్బలు తింటరు, ఏడుస్తరు. గెలిచేటోడు వేరే ఉంటడు. ఇది ఇయ్యాల్టిది కాదు. 1938ల గూడవల్లి రామబ్రహ్మం తీసిన 'మాలపిల్ల'కు మన పేరే పెట్టిన్రు. ఆ కాలానికి అది పెద్ద తెగువే. అందుల గూడ కథను నడిపేది బ్రాహ్మణ యువకుడి ప్రేమ.

2020ల కరుణకుమార్ 'పలాస 1978' తీసిండు. అందుల షావుకార్ల కొట్లాటకు మనోళ్లను కత్తుల లెక్క వాడుకునుడు చూపిండు. అన్నదమ్ములు తమ బతుకు కోసం తామే ఎదురు తిరుగుతరు. మన కథ మనమే నడపొచ్చని ఆ సినిమా రుజువు చేసింది.

ఇగ డాక్యుమెంటరీలు. 1997 జులై 11న బొంబాయి రమాబాయి నగర్‌ల అంబేడ్కర్ విగ్రహానికి చెప్పుల దండ వేసిన్రు. నిరసనకు దిగిన జనం మీద పోలీసులు కాల్పులు జరిపిన్రు, 10 మంది చనిపోయిన్రు. ఆ దుఃఖంతోనే కవి గాయకుడు విలాస్ ఘోగ్రే ఉరేసుకున్నడు. ఆనంద్ పట్వర్ధన్ 14 ఏండ్లు తిరిగి దాని మీద 'జై భీమ్ కామ్రేడ్' తీసిండు. అందుల హీరో లేడు. పాట కట్టే మనుషులే ఉన్నరు. 2017ల దివ్యభారతి తమిళనాడు పాకీ కార్మికుల మీద 'కక్కూస్' తీస్తే పోలీసులు ప్రదర్శనలకు అడ్డం పడ్డరు. అబద్ధం కథకు దొరికే అనుమతి నిజానికి దొరకదు.

అయితే మన తప్పు గూడ ఉంది. ఈ సినిమాలు హైదరాబాదు హాళ్లల్ల చదువుకున్నోళ్లు చూసి చర్చ పెట్టుకుంటరు. వాడకు తెస్తే మరాఠీ మాట, కింద ఇంగ్లీషు అక్షరాలు. అవ్వకు ఏం తెలుస్తది? "మనోళ్లకు డాక్యుమెంటరీలు ఎక్కవు" అని తీర్పు చెప్తం. ఎక్కనిది సినిమా కాదు, అక్షరం. తెర పక్కన ఒక మనిషిని నిలబెడితే చాలు. చిందు భాగోతం ఆడి తెల్లార్లు జనాన్ని కూర్చోబెట్టిన జాతి మనది. నడిమిట్ల ఆపి, మన మాటల్ల కథ చెప్పేటోళ్లు మనకు కరువా?

సినిమా అయినంక లైటు వేసి అరగంట కూర్చోవాలె. అవ్వ ప్రశ్నకు జవాబు అక్కడ దొరుకుతది. వకీలు రాకున్నా మనకు 1989 అత్యాచారాల నిరోధక చట్టం ఉంది. ఎఫ్‌ఐఆర్ నకలు పైసా ఇయ్యకుండ తీసుకునే హక్కుంది. 1995 నియమాల ప్రకారం డీఎస్పీకి తక్కువ కాని అధికారి దర్యాప్తు చేయాలె. ఇవి తెలిసినోడు ఊరికొకడుంటే ఠాణా ముందు నిలబడే ధైర్యం వస్తది.

ఇంకో మాట. తాండూరు చుట్టు నాపరాయి గనులున్నయి. బండ తీసే చేతుల మీద, పాలిషు దుమ్ము మింగే ఆడోళ్ల మీద సినిమా ఎవరో వచ్చి తీయాల్నా? మన పోరగాండ్ల జేబుల్ల ఫోనుంది. దాంతోనే మొదలుపెట్టాలె.

అన్నలారా, అక్కలారా! వచ్చే ఏప్రిల్ 14కు తెర కట్టినప్పుడు ఆ అవ్వను ముందు వరుసల కూర్చోబెడదాం. ఆమె అడిగిన మాటతోనే చర్చ షురూ చేద్దాం.

జై భీమ్!