మందు పడుతోందా?

చిల్కానగర్ నుంచి ఆటోలో ఉప్పల్ మెట్రో స్టేషన్‌కు వచ్చి, పరేడ్ గ్రౌండ్ దగ్గర రైలు మారి గాంధీ ఆసుపత్రి వైపు వెళ్లేవారికి దారిలో రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ ప్రాంగణం కనిపిస్తుంది. హబ్సిగూడ దాటాక, తార్నాక ఇంకా రాకముందు. హెచ్ఐవీకి ఆమోదం పొందిన మొట్టమొదటి మందు జిడోవుడిన్. దాన్ని చవకగా తయారుచేసే పద్ధతిని డాక్టర్ ఎ.వి. రామారావు బృందం రూపొందించింది ఆ గోడల వెనకే. సిప్లా 1993లో ఆ మందును మన మార్కెట్లోకి తెచ్చింది. రామారావు తర్వాత పెట్టిన అవ్రా లేబొరేటరీస్ నాచారంలోనే ఉంది. హెటిరో, అరబిందో, లారస్ వంటి హైదరాబాద్ కంపెనీల మాత్రలు ఇవాళ ఆఫ్రికా పల్లెల దాకా వెళుతున్నాయి. నెలనెలా హెచ్ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్‌కు వెళ్లే మన ఉప్పల్ మనిషి తన మందు పుట్టిన వాడలోనే బతుకుతున్నాడన్న మాట. అయినా ఆ సెంటర్ల రద్దీలో "గోలీలు పడుతున్నయా?" అని నింపాదిగా అడిగి, చెప్పింది రాసుకునే తీరిక కరువైంది. ఈ పరిస్థితి మారాలి. అందుకు కొత్త భవనాలూ కొత్త పథకాలూ అక్కర్లేదు.

మందు పడటం, పడకపోవడం అనే మాటలు మన ఇళ్లలో ఎప్పటినుంచో ఉన్నాయి. దుష్ప్రభావం అంటే తప్పంతా మందుదే అన్నట్టుంటుంది. పడలేదు అంటే ఆ మందుకూ ఈ ఒంటికీ పొత్తు కుదరలేదని అర్థం. పొత్తు కుదర్చడం వైద్యుడి పని. మన దగ్గర అది రోగి ఓపిక మీదికి నెట్టేశాం.

నెట్టేస్తే ఏమవుతుందో ఒకసారి చూశాం. సిప్లా మందు వచ్చిన పదకొండేళ్లకు, 2004 ఏప్రిల్‌లో, కేంద్రం ఉచిత ఏఆర్‌టీ మొదలుపెట్టింది. అప్పటి మాత్రల్లో ప్రధానమైనది స్టావుడిన్. చవక, ప్రాణం నిలబెట్టింది, అందులో సందేహం లేదు. కానీ నెలలు గడిచేకొద్దీ బుగ్గల్లో కొవ్వు కరిగి ముఖం లోపలికి పోయేది. కాళ్లూ చేతులూ పుల్లల్లా అయ్యేవి. అరికాళ్లు రాత్రంతా మండేవి. కొందరికి రక్తంలో లాక్టిక్ ఆమ్లం పెరిగి ప్రాణం మీదికి వచ్చేది. వీధిలో జనం ఆ ముఖం చూసి "ఆ జబ్బే" అని గుసగుసలాడుకున్నారు. ఆ ముఖాన్ని అలా చేసింది జబ్బు కాదు, మాత్ర. ధనిక దేశాలు ఆ మందును పక్కన పెట్టేసిన తర్వాత కూడా పేద దేశాల్లో అది సాగింది. దాన్ని క్రమంగా ఆపేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేసరికి 2009 చివరికి వచ్చాం. జిడోవుడిన్‌కు మారినవారిలో కొందరికి రక్తం తగ్గిపోయేది. తర్వాత వచ్చిన ఎఫావిరెంజ్‌తో తల తిరుగుడు, పీడకలలు. అందుకే దాన్ని పడుకునే ముందు వేసుకోమనేవారు.

ఇప్పుడు మన ఏఆర్‌టీ సెంటర్లు ఎక్కువమందికి ఇస్తున్నది మూడు మందులు కలిసిన ఒకే మాత్ర: టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్. వెనకటి వాటితో పోలిస్తే ఇది వరమే. వైరస్‌ను త్వరగా అణుస్తుంది, దీనికి వైరస్ అంత తేలిగ్గా లొంగకుండా పోదు. అందుకే అధికారులకు ఒక ధీమా వచ్చింది, మంచి మందు ఇచ్చాం, ఇక పని అయిపోయిందని. అసలు చిక్కు ఇక్కడే.

నిద్ర సంగతే చూడండి. డోలుటెగ్రావిర్ కొందరికి నిద్ర పట్టనివ్వదు. ఉదయం వేసుకుంటే చాలామందికి ఆ బాధ తగ్గుతుంది. కానీ ఏళ్ల తరబడి ఎఫావిరెంజ్‌ను రాత్రి వేసుకున్న మనిషి, మాత్ర మారినా అలవాటు మార్చకపోతే? "పొద్దున వేసుకో అమ్మా" అన్న ఒక్క మాట చాలు. ఖర్చు సున్నా. ఆ మాట అందనివాళ్లు నిద్రలేని రాత్రులకు మాత్రను తిట్టుకుంటూ మధ్యమధ్య మానేస్తారు.

ఇక బరువు. జొహానెస్‌బర్గ్‌లో వెయ్యి మందికి పైగా రోగులతో సాగిన అడ్వాన్స్ అధ్యయనం ఫలితాలు 2019లో వచ్చాయి. 48 వారాల్లో ఎఫావిరెంజ్ వాడినవారు సగటున ఒక కిలో పెరిగితే, మన దగ్గర ఇస్తున్నలాంటి డోలుటెగ్రావిర్, టెనోఫోవిర్ కలయిక వాడినవారు మూడు కిలోలు పెరిగారు. ఆడవారిలో పెరుగుదల ఎక్కువ. ఇందులో కొంత జబ్బు తగ్గి ఒళ్లు చేయడమే కావచ్చు, కొంత ఎఫావిరెంజే బరువును అణచిపెట్టి ఉండవచ్చు. పరిశోధకులు ఇంకా వాదించుకుంటున్నారు, వాదించుకోనీ. కానీ మధుమేహం ఇంటింటికీ చేరిన ఈ నగరంలో ఏఆర్‌టీ వాడే మనిషి బరువు, నడుము చుట్టుకొలత, షుగర్ క్రమం తప్పకుండా చూడకపోవడానికి ఆ వాదన సాకు కాదు.

ఈ మాత్ర వాడే ఒకామెకు షుగర్ వచ్చిందనుకుందాం. ఆమె తన వాడలోని బస్తీ దవాఖానాకు వెళుతుంది. అక్కడ డాక్టరు మామూలుగా రాసేది మెట్‌ఫార్మిన్. డోలుటెగ్రావిర్‌తో కలిస్తే ఒంట్లో మెట్‌ఫార్మిన్ మోతాదు దాదాపు 80 శాతం పెరుగుతుంది. అందుకే రోజుకు వెయ్యి మిల్లీగ్రాములు దాటనివ్వవద్దంటారు. ఆ డాక్టరుకు ఆమె ఏ మాత్ర వాడుతోందో తెలియదు, ఆమె చెప్పదు. కడుపు తిప్పుతుంది, విరేచనాలు అవుతాయి. ఆమె అనుమానం ఏఆర్‌టీ మాత్ర మీదికే పోతుంది. కడుపులో మంటకు మెడికల్ షాపులో ఇచ్చే గ్యాస్ మందూ ఇంతే. అందులోని అల్యూమినియం, మెగ్నీషియం డోలుటెగ్రావిర్‌ను ఒంటికి పట్టనివ్వవు. దానికి రెండు గంటల ముందో, ఆరు గంటల తర్వాతో మాత్ర వేసుకోవాలి. గర్భిణికి ఇచ్చే ఐరన్, కాల్షియం గోలీలతోనూ పరగడుపున వేసుకుంటే అదే చిక్కు, అన్నంతో కలిపి వేసుకుంటే ఇబ్బంది లేదు. కిడ్నీ విషయంలో ఇంకో మెలిక ఉంది. డోలుటెగ్రావిర్ క్రియాటినిన్ అంకెను కాస్త పెంచి చూపిస్తుంది, కిడ్నీకి హాని చేయకుండానే. టెనోఫోవిర్ కొందరి కిడ్నీకి నిజంగానే హాని చేస్తుంది. రెండింటి తేడా తెలిసినవాడే ఆ పరీక్ష కాగితం చదవాలి.

ఆమె బస్తీ దవాఖానాలో ఎందుకు చెప్పదు? చిల్కానగర్ ఇరుకు సందుల్లో ఎవరింట్లో ఏం వండారో పక్కింటికి తెలుస్తుంది. దగ్గరలో చికిత్స అంటేనే భయపడి కావాలని దూరపు సెంటర్‌ను ఎంచుకునేవారు తక్కువేమీ కాదు. నాచారం పారిశ్రామికవాడలో కార్మికుడికి ఈఎస్ఐ ఆసుపత్రి పక్కనే ఉన్నా, మాట ఫ్యాక్టరీ దాకా పోతుందన్న దిగులు ఉంటుంది. కాబట్టి ఏఆర్‌టీని వీధివీధికీ తెస్తామంటే మేం చప్పట్లు కొట్టం. తేవలసింది పరీక్షలను, వాటితోపాటు తెలివిడిని. ఇందుకు కావలసిన సరంజామా సగం ఉండనే ఉంది. 2018లో మొదలైన బస్తీ దవాఖానాల నుంచి రక్త నమూనాలు తెలంగాణ డయాగ్నొస్టిక్స్ ల్యాబులకు ఉచితంగా వెళుతున్నాయి. షుగర్, క్రియాటినిన్, కొలెస్ట్రాల్ అందరికీ చేసే పరీక్షలే. ఆ చీటీ మీద హెచ్ఐవీ అన్న మాట ఉండనక్కర్లేదు. ఫలితం రోగి ఫోనుకు వస్తే చాలు, ఏఆర్‌టీ సెంటర్లో తానే చూపించుకుంటాడు. ఇక బస్తీ డాక్టరు ప్రతి రోగినీ, తలుపు వేసి, "ఇంకేవైనా రోజూ వాడే మందులున్నాయా? పేరు చెప్పకపోయినా ఫర్వాలేదు, ఈ పట్టీలో ఉన్నాయేమో చూడండి" అని అడగాలి. అందరినీ అడిగితే ఎవరినీ వేలెత్తి చూపినట్టు కాదు.

అధికారుల జవాబు మాకు తెలుసు. మందులు వాడుతున్నవారిలో 95 శాతానికి మించి వైరస్ అదుపులో ఉందంటారు. నిజమే కావచ్చు. కానీ ఆ లెక్క వైరల్ లోడ్ పరీక్షకు వచ్చినవారిది. మందు పడక మానేసినవాడు పరీక్షకు రాడు, లెక్కకెక్కడు. దేశంలో 25 లక్షల మందికి పైగా హెచ్ఐవీతో బతుకుతున్నారు. తెలంగాణలో దాని ఉనికి దేశ సగటుకు రెండింతలకు పైనే. వైరస్ అణిగి ఉన్న మనిషి నుంచి లైంగికంగా మరొకరికి సోకదని పెద్ద పెద్ద అధ్యయనాలు తేల్చాయి. అలాంటప్పుడు మాత్ర మానేసిన ఒక్కొక్కరూ మానేయడానికి గల కారణం ప్రభుత్వానికి కావలసిన సమాచారం కాదా?

పరిశోధన ఆగలేదు, మనమే దాన్ని అందుకోవడం లేదు. గుండెజబ్బు ముప్పు అంతగా లేదనుకున్న 40 నుంచి 75 ఏళ్ల హెచ్ఐవీ రోగులు 7,769 మందితో, భారత్‌తో సహా 12 దేశాల్లో రిప్రీవ్ అధ్యయనం జరిగింది. పిటవాస్టాటిన్ అనే కొలెస్ట్రాల్ మాత్ర వాడితే గుండెపోటు, పక్షవాతం వంటివి మూడోవంతుకు పైగా తగ్గాయని 2023లో తేలింది. మన సెంటర్లలో నలభై దాటినవారి వరుసలో ఈ మాట ఎంతమంది చెవిన పడింది?

చట్టం సంగతీ చెప్పుకోవాలి. 2017 నాటి హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉంది. వివక్ష, రహస్యం విషయంలో గట్టిగానే మాట్లాడింది. మందుల దగ్గరికొచ్చేసరికి "వీలైనంత మేరకు" అందిస్తామంది. ఆ మాటను తొలగించమని రోగుల సంఘాలు అప్పుడే మొత్తుకున్నాయి. 2022 జులైలో మందుల కొరత వచ్చి రోగులు ఢిల్లీలో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ కార్యాలయం ముందు వారాల తరబడి కూర్చున్నారు. వీలు అనేది ఎవరి వీలో అప్పుడు తేలిపోయింది. ఆ మాట తీసేయాలి. దాని స్థానంలో మందుతోపాటు దాని బాగోగులు చూసే పరీక్షలూ హక్కుగా రావాలి.

పార్లమెంటు కదిలేదాకా రాష్ట్రం ఆగనక్కర్లేదు. ఏఆర్‌టీ సెంటర్లలో కౌన్సెలర్ పోస్టులు ఖాళీ ఉంచకూడదు. ప్రతి రాకలోనూ "పడుతోందా" అన్న ప్రశ్నకు జవాబు కార్డులో రాయాలి. మందులతో వచ్చే ఇబ్బందులను రోగి నేరుగా చెప్పుకోవడానికి కేంద్రం నడిపే ఉచిత ఫోన్ నంబరు 1800-180-3024 ఉంది. అది సెంటర్ గోడ మీద తెలుగులో, ఉర్దూలో పెద్ద అక్షరాలతో ఉండాలి. మెట్‌ఫార్మిన్ ఎంత, గ్యాస్ మందు ఎప్పుడు, ఐరన్ ఎలా, నిద్ర పట్టకపోతే ఏం చేయాలి అన్నవన్నీ ఒక కాగితానికి ఒకవైపు పడతాయి. ఏటా డిసెంబర్ 1న రిబ్బన్లు కట్టి ర్యాలీలు తీస్తున్నారు. ఈసారి ఆ బ్యానర్ల డబ్బుతో ఆ కాగితం అచ్చువేయించి ఉప్పల్, నాచారం, చిల్కానగర్ బస్తీ దవాఖానాల్లో, మెడికల్ షాపుల్లో, ఈఎస్ఐ డాక్టర్ల బల్లల మీద పెట్టించండి. జనవరిలో వెళ్లి అది బల్ల మీదే ఉందో, సొరుగులోకి పోయిందో చూసి రండి.