ఆకసమునకును కట్టుబాటు వలయును

డ్రోనును మేము నిందింపము. 2021వ సంవత్సరమున వికారాబాదునందు డ్రోనులచే మందులు పంపి పరీక్షించిరి. గోదావరి పొంగి ఏటూరునాగారపు గూడెములకు త్రోవలు తెగినప్పుడు అట్టి సాయమెంత విలువగలదో మనమెఱుఁగుదుము.

అయినను విమానాశ్రయముచెంత అదియే ప్రాణాపాయము. దిగునప్పుడును ఎగయునప్పుడును విమానము నేలకు చేరువగా నుండును. తప్పుకొనుటకు వ్యవధి చాలదు. పక్షి దేహము మెత్తనిది; డ్రోనులోని బ్యాటరీయు మోటారును గట్టివి. 2017లో కెనడాలోని క్విబెక్ చెంత ప్రయాణికుల విమానమొకటి డ్రోనును తాఁకెను. అదృష్టవశమున అందలి ఎనమండుగురును బ్రతికిరి. 2018 డిసెంబరులో డ్రోనులు కనఁబడెనను వార్తచే లండను చెంతనున్న గాట్విక్ విమానాశ్రయమున సుమారు వేయి విమానములకు ఆటంకము కలిగెను.

పనిచేయుచున్న విమానాశ్రయపు సరిహద్దునకు 8 కిలోమీటర్లలోపల అనుమతి లేక డ్రోనెగురవేయరాదని 2021 నాఁటి నియమము. అది కాగితముననున్నఁ జాలదు. పెండ్లిచిత్రములు తీయువారికిని, బిడ్డలకు ఆటవస్తువుగాఁ గొనియిచ్చు తల్లిదండ్రులకును తెలియవలయును. వరంగల్లుచెంత మామునూరు విమానాశ్రయమును మరలఁ దెఱచుటకు 2025లో కేంద్రప్రభుత్వము సమ్మతించినది. విమానములు వచ్చిన పిదప నేర్చుటకంటె రాకమునుపే పాఠశాలలయందు దీనిని బోధించుట మేలని మా యభిప్రాయము. చిత్రమొకటి తప్పినను మరల తీయవచ్చును. పోయిన ప్రాణము మరల రాదు.