కర్ణుని వకీళ్లు

మన నవలలయందును, నాటకములయందును, చలనచిత్రములయందును నొక న్యాయపద్ధతి ప్రబలియున్నది. దుష్కార్యము చేసిన పాత్రను బోనులో నిలిపి, వెంటనే వాని బాల్యమును సాక్ష్యమునకు పిలిచెదరు. చదువరి కంట తడిపెట్టును, అభియోగము కొట్టివేయబడును. ఇట్టి విచారణలలో మిక్కిలి యాదరము పొందిన ముద్దాయి కర్ణుడు. 1964లో పంతులుగారి తమిళచిత్రము ‘కర్ణన్’, 1967లో శివాజీ సావంత్ గారి మరాఠీ నవల ‘మృత్యుంజయ్’, 1977లో నందమూరి తారక రామారావుగారి ‘దానవీరశూర కర్ణ’ - భాషలు వేరైనను పుచ్చుకొన్న వకాల్తా యొక్కటియే.

కర్ణునకు జరిగిన యన్యాయము కల్పితము కాదు. కన్నతల్లి పెట్టెలో నుంచి యేటిపాలు చేసినది. అస్త్రవిద్యాప్రదర్శనమున కృపాచార్యుడు విలువిద్యను విడిచి కులమడిగెను. భీముడు కొరడా పట్టుకొమ్మని యెగతాళి చేసెను. నాడు అంగరాజ్యమిచ్చి యాదుకొన్నవాడు దుర్యోధనుడు. ఆ ఋణమును మరువక, పిదప కృష్ణుడు జన్మరహస్యము తెలిపి సామ్రాజ్యమునే చూపినను మిత్రుని విడువకుండుటను మేము తప్పుపట్టజాలము. స్వయంవరమున ద్రౌపది సూతుని వరింపనన్న ఘట్టమును మాత్రము వకీళ్లు కొంత జాగ్రత్తతో వాడుకొనుట మంచిది. 1933లో ముగిసిన సుక్తంకరు పండితుని ఆదిపర్వ పరిష్కరణమున ఆ మాటలకు మూలపాఠమున చోటు దొరకలేదు.

మా తగవెల్ల ద్యూతసభ యొద్దనే. ధృతరాష్ట్రుని కొడుకులలోనే యొకడైన వికర్ణుడు లేచి, ద్రౌపది న్యాయముగా గెలువబడలేదని వాదించెను. వానిని గద్దించి, ఆమెను కులటయని దూషించి, వలువలూడ్చుమని దుశ్శాసనునకు చెప్పినవాడు కర్ణుడు. అట్లు పలుకుమని యాతనిని కోరినవారు లేరు. అంగరాజ్యపు ఋణపత్రమున నీ షరతు లేదు. గాయపడిన మనస్సు పలికించినదందురేని, ఆ సభలోనే యున్న విదురుని చూడవలెను. దాసీగర్భమున పుట్టుటచే రాజ్యమునకు దూరమైనవాడు. ఆనాడే ద్రౌపదిని తోడితెమ్మని దుర్యోధనుడాజ్ఞాపింపగా నిరాకరించి నిందలుపడినవాడు. విదురునకు మాత్రము మనస్సు లేదా? వైశ్యస్త్రీకి పుట్టిన యుయుత్సుడు యుద్ధారంభమున సోదరులను విడిచి పాండవుల పక్షము చేరలేదా?

కర్ణుని గతమంతయు గాయమే యనుటయు సరికాదు. తన్ను చూచి రాధకు చన్నులు చేపినవనియు, అధిరథుడు జాతకర్మ చేయించెననియు, ఆ ప్రేమను కాదనజాలననియు ఉద్యోగపర్వమున కృష్ణునితో తానే చెప్పుచున్నాడు. ఈ ముచ్చట నెత్తికొన్నచో వాదము పలుచబడునని కాబోలు, వకీళ్లు దీనిని తొందరగా దాటిపోవుదురు. ఆ సంభాషణముననే, దుర్యోధనుని మెప్పుకొరకు పాండవులనాడిన పరుషోక్తులకు పరితపించుచున్నానని యొప్పుకొనెను. తన్ను సూతుడని యవమానించిరి గనుక నట్లంటినని చెప్పుకొనలేదు. ముద్దాయి యొప్పుకొన్నదానిని వకీలు లేదనుట మేమెచ్చటను వినలేదు!

ఇందు మరియొక చిక్కు గలదు. పుట్టుకను బట్టి మనుష్యుని యోగ్యతను తేల్చుట ఆనాటి రంగస్థలమున కర్ణునికి జరిగిన యపచారము. అవమానింపబడినవాడు దుర్మార్గముగాక వేరుమార్గము తొక్కజాలడనుట ఆ యపచారమునకు చుట్టము కాదా? అణగద్రొక్కబడినవారి పక్షమున వ్రాయుచున్నామనుకొనువారు, వారికి మంచిచెడ్డల నెన్నుకొను శక్తియే లేదని తీర్పు చెప్పుచున్నారు. జాలి చూపుడు, శిక్ష తగ్గింపుడు, కాని చేసిన పని యాతనిది కాదనవలదు. వలువలు లాగబడినది ద్రౌపదివి. ఆమె గతమును సాక్ష్యమునకు పిలిచిన వకీలొక్కడును మాకు కనబడడు.

రథచక్రము క్రుంగినప్పుడు ధర్మము తలచుమని కర్ణుడర్జునుని వేడెను. ఆ సభనాడు నీ ధర్మమెక్కడికి పోయెనని కృష్ణుడు ప్రశ్నించెను. కర్ణుడు సిగ్గున తలవంచి మారు పలుకలేదు. తెలుగున నీ కథను మరల వ్రాయబూనువారు ద్యూతసభను కుదింపక, ఆ పలుకులను కర్ణుని నోటనే పలికించి, తుదియందాతడు వహించిన మౌనమును తమ వాదములతో నింపకుందురు గాక.