డిస్కు మార్చితే సరిపోదు, కారణం వెతకాలి



మన కంప్యూటరు గదిలో కిటికీ పక్కనున్న పాత కంప్యూటరుకి రెండేళ్లలో మూడో హార్డ్ డిస్కు పోయింది. నాలుగోది కొనాలని కొందరు, ఆ కంప్యూటర్నే మూల పడేయాలని కొందరు అంటున్నారు. పిల్లలు ఇష్టమొచ్చినట్టు నొక్కడం వల్లే పోయిందని ఇంకొందరి మాట. అప్పట్నుంచి గదికి తాళం.

నా అభిప్రాయం వేరు. ఒక్కసారి పోతే డిస్కు మంచిది కాదు అనుకోవచ్చు. ఒకే కంప్యూటర్లో వరసగా మూడు పోయాయంటే ముందు చూడాల్సింది డిస్కు చుట్టూ ఉన్నవాటిని. ఒకే గదిలో పిల్లలకు వరసగా మలేరియా వస్తే మాత్రలిచ్చి ఊరుకోం కదా! ఆ గది వెనక నీళ్లు ఎక్కడ నిలిచాయో కూడా చూస్తాం. ఇదీ అంతే.

హార్డ్ డిస్కు లోపల అద్దంలా మెరిసే పళ్లేలుంటాయి. అవి నిమిషానికి 5,400 లేదా 7,200 సార్లు తిరుగుతాయి. 7,200 అంటే సెకనుకి 120 చుట్లు. చదివే, రాసే హెడ్ ఆ పళ్లేన్ని తాకకుండా తేలుతుంది. ఆ మధ్య ఖాళీ మన వెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా ఉండదు. ఇంత సున్నితమైన పనికి 5 వోల్టులు, 12 వోల్టుల కరెంటు నిలకడగా అందాలి. గోడలోంచి వచ్చే 230 వోల్టులను అలా మార్చి ఇచ్చే డబ్బానే ఎస్‌ఎంపీఎస్. అది పాతబడితే లోపలి కెపాసిటర్లు ఉబ్బుతాయి, కరెంటు నిలకడ తప్పుతుంది. మూడుసార్లూ డిస్కు మార్చారు గానీ ఆ డబ్బా జోలికి ఎవరూ పోలేదు.

ఇక మన ఏజెన్సీ కరెంటు సంగతి అందరికీ తెలిసిందే. వాన పడితే పోతుంది, ఉరిమితే పోతుంది. నడుస్తుండగా కరెంటు పోతే డిస్కు తన తిరుగుడులో మిగిలిన ఊపుతోనే హెడ్‌ని పక్కకు చేర్చుకుంటుంది. అది ఆపదలో పనికొచ్చే ఏర్పాటు, రోజూ చేయించాల్సిన పని కాదు. మన యూపీఎస్ ఉన్నా లేనట్టే. బ్యాటరీ చచ్చిపోయి, కరెంటు పోగానే కంప్యూటరు కూడా ఠక్కున ఆరిపోతోంది.

ఇంకో సంగతి. కేబినెట్ మీద చెయ్యి పెడితే జిల్లుమంటుందని మనం నవ్వుకుంటుంటాం. అది నవ్వుకునే విషయం కాదు. ఎర్తింగ్ సరిగా లేదనడానికి గుర్తు. డిస్కు మాట తర్వాత, ముందు పిల్లల ప్రాణం మాట.

అసలు 'పోయింది' అన్న డిస్కు నిజంగా పోయిందా అనీ చూడాలి. కేబుల్ వదులైనా డిస్కు లేదనే చూపిస్తుంది. దాన్ని ఇంకో కంప్యూటరుకి తగిలిస్తే సంగతి తేలిపోతుంది. టక్ టక్ మని చప్పుడు చేసే డిస్కుని మాత్రం మళ్లీ మళ్లీ ఆన్ చేయకూడదు. ప్రతి డిస్కూ తన ఆరోగ్యం లెక్క తానే రాసుకుంటుంది. దాన్ని స్మార్ట్ అంటారు. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేరుతో చూడొచ్చు. అందులో రీఅలొకేటెడ్ సెక్టార్లు పెరుగుతుంటే డిస్కు పాడవుతోందని అర్థం. సీఆర్‌సీ తప్పులు పెరుగుతుంటే ముందు కేబుల్‌ని అనుమానించాలి. కొత్తదని అమ్మిన డిస్కుకి వాడిన గంటలు వేలల్లో కనిపిస్తే అది ఎవరో వాడేసినదే.

అయితే ఈ లెక్కనే నమ్ముకుని కూర్చోకూడదు. 2007లో గూగుల్ ఇంజినీర్లు లక్షకు పైగా డిస్కుల లెక్కలు ప్రచురించారు. స్కాన్‌లో మొదటి తప్పు కనిపించిన డిస్కు తర్వాతి 60 రోజుల్లో పోయే అవకాశం, తప్పు లేనిదానికన్నా 39 రెట్లు ఎక్కువట. కానీ పోయిన డిస్కుల్లో సగానికి పైగా, ముఖ్యమైన నాలుగు హెచ్చరికల్లో ఒక్కటీ చూపకుండానే పోయాయి. అంటే చెప్పి పోయేవి కొన్ని, చెప్పకుండా పోయేవి ఎక్కువ. అందుకే కాపీ ఉండాలి.

మనకు జరిగిన నష్టం డిస్కు ధర కాదు. మన సీనియర్లు సెలవులకు ఇళ్లకెళ్లి, తాతలూ అవ్వలూ చెప్పిన కథలు రాసుకొచ్చి టైపు చేశారు. అవి ఆ ఒక్క డిస్కులోనే ఉన్నాయి. ఆ అవ్వల్లో ఇద్దరు ఇప్పుడు లేరు. డిస్కుని షాపులో కొనుక్కోవచ్చు, ఆ కథల్ని ఏ షాపులో కొంటాం?

తాళం వేయడం దీనికి మందు కాదు. గేమ్ ఆడినందుకో, కీబోర్డు గట్టిగా నొక్కినందుకో డిస్కు చావదు. వైరస్ ఫైళ్లను చెరిపేస్తుంది గానీ టక్ టక్ చప్పుడు పుట్టించదు. నడుస్తున్న కంప్యూటర్ని జరపడం, షట్‌డౌన్ చేయకుండా ప్లగ్గు పీకడం మాత్రం ఎవరూ చేయకూడదు, పెద్దవాళ్లయినా సరే. ఇక కొత్త కంప్యూటరే కొన్నా, పెట్టేది అదే ప్లగ్గులో కదా!

కాబట్టి వార్డెన్ సార్‌కీ మేడమ్‌కీ నా మనవి ఇది. నాలుగో డిస్కు కొనకముందు ఖర్చు తక్కువ పనుల నుంచి మొదలుపెట్టించండి.

ఒకటి, కేబుల్ మార్చి చూడాలి. దుమ్ము దులిపించి, డిస్కు కదలకుండా స్క్రూలు బిగించాలి.

రెండు, ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ప్లగ్గు, ఎర్తింగ్ చూపించాలి.

మూడు, కంప్యూటరు నడుస్తుండగా మెకానిక్ చేత మీటరుతో కొలిపించాలి. 12 వోల్టుల తీగలో 11.4 నుంచి 12.6 లోపు, 5 వోల్టుల తీగలో 4.75 నుంచి 5.25 లోపు ఉండాలి. లేకపోతే ఎస్‌ఎంపీఎస్ మార్చాలి. మీటరు సరిగ్గానే చూపినా, ఒకసారి మంచి ఎస్‌ఎంపీఎస్ తగిలించి చూడటం మేలు. ఆ డబ్బా మూత మాత్రం పిల్లలెవరూ విప్పకూడదు. ప్లగ్గు తీసేసినా లోపల కరెంటు నిలిచి ఉంటుంది.

నాలుగు, యూపీఎస్‌కి కొత్త బ్యాటరీ వేయించాలి.

ఐదోది మన పని. ప్రతి శనివారం ఇద్దరు విద్యార్థులు వంతుల వారీగా ఫైళ్లన్నీ పెన్ డ్రైవులోకి ఎక్కించి ఆఫీసు బీరువాలో పెట్టాలి. ఇంకో కాపీ వేరే కంప్యూటర్లో ఉండాలి. కథలైతే ప్రింటు తీసి లైబ్రరీలో కూడా పెట్టాలి. కాగితానికి కరెంటు అక్కర్లేదు.

ఇవన్నీ చేశాక కూడా డిస్కు పోతే, అప్పుడు డిస్కుని తిడదాం. అప్పటిదాకా గది తాళం తీయాలని కోరుతున్నాను. దీనికి ఒప్పుకోని వాళ్లుంటే వచ్చే సంచికకి జవాబు రాయండి.

– తొమ్మిదో తరగతి విద్యార్థి